పొదిలి మనిషి

మిరపకాయల పనిలో ఉన్నవాళ్ళకి ఒక అలవాటుంది. లోకమంతా ఒంటికి వెళ్ళొచ్చాక చేతులు కడుక్కుంటుంది. వీళ్ళు వెళ్ళేముందు కడుక్కుంటారు. ఎందుకని అడిగేవాడు జన్మలో మిరపకాయ ముట్టుకోలేదన్నమాట. ఒక్కసారి మర్చిపోతే చాలు, ఆ మంట చల్లారేదాకా మనిషి కూర్చోలేడు, నిలబడలేడు, ఎందుకు గెంతుతున్నాడో నలుగురికీ చెప్పుకోనూ లేడు. అందుకే రామాంజనేయులు కళ్ళంలో ఎప్పుడూ డ్రమ్ము నిండా నీళ్ళు, దాని మూత మీద ఒక సబ్బుముక్క ఉంటాయి.

మొన్న మార్గశిరంలో, మొదటి కోత కాయ కళ్ళానికి చేరిన దగ్గర్నుంచీ, అతను మాటిమాటికీ ఆ డ్రమ్ము దగ్గరికి నడవడం మొదలుపెట్టాడు. చేతులు కడుక్కోవడం, తుమ్మచెట్ల చాటుకి పోవడం, అక్కడ చాలాసేపు నిలబడి నాలుగు చుక్కలు రాల్చుకుని రావడం. వచ్చి కూర్చున్నాడో లేదో మళ్ళీ లేవడం. అరవై ఏడేళ్ళు నిండిన మనిషి, పది ఎకరాల మిరప రైతు, ఊళ్ళో నోరున్న పెద్దమనిషి. ఎవరూ చూడటం లేదనుకున్నాడు. తాలుకాయలు ఏరే ఆడవాళ్ళ ముఠాకి మేస్త్రి ఎలీసమ్మ. ఆవిడ కంటపడకుండా కళ్ళంలో కాకి కూడా వాలలేదు.

"ఏందయ్యో, చేతులు అరిగిపోతాయి! ఇందాకేగా కడుక్కుంది?" అంది ఎలీసమ్మ గట్టిగా. ఆడవాళ్ళంతా కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు.

ఇంకొకడైతే తనూ నవ్వేసి ఆ సాయంత్రమే డాక్టరు దగ్గరికి పోయేవాడు. రామాంజనేయులుకి నవ్వడం తెలుసుగానీ నవ్వించుకోవడం చేతకాదు. ఊళ్ళో కుంటివాణ్ణి, నత్తివాణ్ణి, పెళ్ళాం చేత తిట్లు తినేవాణ్ణి, ఎవర్నీ వదిలిపెట్టని నోరది. అలాంటి తనని చూసి కూలికొచ్చిన ఆడవాళ్ళు నవ్వడమా! మర్నాటినుంచి డ్రమ్ము వైపు పోవడం మానేశాడు. కారం చేతులతోనే చెట్లచాటుకి పోయేవాడు. ఇక చూడండి మంట.

ఆ మంటే అతని కొంప ముంచింది. కారం మంట వెనకాల అసలు జబ్బు మంట కూడా ఉందనీ, రెండూ వేరనీ అతనికి తోచలేదు. తోచబోయినా తోచనివ్వలేదు. భార్య వెంకటరావమ్మ మాత్రం అడిగింది, "ఏమయ్యా, పక్క మీద నిలవటంలేదు, ఏంది సంగతి?" అని.

"కారం చేతులే."

"తలకి పోసుకుని పడుకున్నావు, కారం ఎక్కడిదయ్యా?"

"నీకు తెలవదులే పడుకో."

సబ్జాగింజలు నానబెట్టుకుని తాగాడు. మజ్జిగ తాగాడు. కొబ్బరినూనె రాసుకున్నాడు. క్రిస్మస్ ముందురోజు, ఎలీసమ్మ ముఠా సెలవు పెట్టి చర్చి అలంకరణకి పోయిననాడు, చుక్క కూడా రాకుండా మొత్తం బిగిసిపోయింది. పొత్తికడుపు రాయిలా అయి, పెద్దమనిషి పశువులా అరుస్తుంటే, గుంటూరులో ఉండే కూతురు హారిక, అల్లుడు కారేసుకొచ్చి ఎత్తుకుపోయారు. ఆస్పత్రిలో గొట్టం వేసి, దాని కొసన ప్లాస్టిక్ సంచి తగిలించారు. ప్రాణం లేచొచ్చింది. కళ్ళు తెరిచి మంచం పక్కన వేలాడుతున్న ఆ సంచిని చూసుకున్నాడు. చూడగానే బుడే గుర్తొచ్చాడు. గుర్తొచ్చి, దుప్పటి మొహం మీదకి లాక్కున్నాడు.

బుడే అతని ఈడువాడే. దూదేకుల బుడే అంటే ఆ చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ పరుపులు కుట్టే మనిషి. రామాంజనేయులు పెళ్ళిపరుపు అతని చేతిదే, హారిక కాపురానికి పట్టుకెళ్ళిన పరుపూ అతని చేతిదే. పొద్దున్నే ఒకే టీ కొట్టు, ఒకే బల్ల, ఒరేయ్ అంటే ఒరేయ్. కిందటేడు బుడేకి గుండెజబ్బు చేసి స్టెంట్లు వేశారు. ఆ తర్వాత మూత్రం బిగిసింది. గుండె బలహీనంగా ఉంది, మత్తిచ్చి కోస్తే తట్టుకోదు, గొట్టంతోనే నెట్టుకురమ్మన్నాడు చూసిన డాక్టరు. ఏం చేస్తాడు? ఆ సంచి నలుగురికీ కనపడకుండా పరుపుల చారలగుడ్డతో గలీబు కుట్టుకున్నాడు. కొన్నాళ్ళు ఇంట్లోనే ఉండి, చివరికి ధైర్యం చేసుకుని, దాన్ని చేత్తో పట్టుకుని టీ కొట్టుకి వచ్చాడు.

"ఏరా బుడే, ఏ తాడిచెట్టు దించుకొస్తున్నావురా? మాకూ ఓ గ్లాసు పొయ్యి!" అన్నాడు రామాంజనేయులు.

కొట్టంతా గొల్లుమంది. బుడే కూడా నవ్వబోయాడు గానీ నవ్వు సగంలోనే ఆగిపోయింది. జన్మలో కల్లు ముట్టని మనిషి మర్నాటికల్లా బడిపిల్లల నోట కల్లుబుడే అయ్యాడు. ఆ తర్వాత అతను టీ కొట్టుకి రాలేదు. మాట పడలేనివాడు నలుగురిలోకి రాకూడదు అని తీర్పు చెప్పి, రామాంజనేయులు ఇంకో టీ తాగాడు.

ఇప్పుడు గుంటూరు ఆస్పత్రిలో దుప్పటి కింద ఆ నవ్వంతా చెవుల్లో మోగుతుంటే అతనికి ఒళ్ళు ముడుచుకుపోయింది. ఎవడికి వాడు పడితేగాని తెలియదు అంటారు కదా, తెలిసింది. తెలిసి ఏం చేశాడు? కూతుర్నీ అల్లుణ్ణీ భార్యనీ పిలిచి, "ఊళ్ళో ఎవరడిగినా మోకాళ్ళకి వైద్యమని చెప్పండి" అని ఒట్టేయించుకున్నాడు.

అతనికి వైద్యం చేసింది శ్రీరమ్య అనే డాక్టరు. చిన్న వయసు. ఆడపిల్ల ముందు ఆ సంగతి మాట్లాడలేక రామాంజనేయులు జవాబులన్నీ పైన తిరిగే ఫ్యానుకి చెప్పాడు. ఆమె మాత్రం పంటచేలో తెగులు గురించి చెప్పినంత మామూలుగా చెప్పింది.

"మీ ప్రొస్టేట్ గ్రంథి బాగా ఉబ్బిందండి. గుండెదడకి మీరు రక్తం పలచబడే మాత్రలు వాడుతున్నారు కాబట్టి కొయ్యడం అంత మంచిది కాదు. దానికి బదులు, మణికట్టు దగ్గర రక్తనాళంలోంచి సన్నటి గొట్టం పంపించి, గ్రంథికి రక్తం తీసుకెళ్ళే నాళాల్లో ఈ పూసలు వదులుతాం."

ఒక చిన్న సీసా చూపించింది. అడుగున నీళ్ళలో తెల్లటి మడ్డిలాంటిది ఉంది. అందులో ఒక్కొక్కటీ ఒక పూసట. మైక్రోస్పియర్లు అంటారట. రామాంజనేయులు కళ్ళు చికిలించి చూశాడు. మిరపగింజ దాని ముందు గుమ్మడికాయ.

"ఇవి పోయి ఏం చేస్తాయమ్మా?"

"ఆ సన్ననాళాల్లో ఇరుక్కుని రక్తం పోకుండా ఆపుతాయి. రక్తం అందకపోతే గ్రంథి మెల్లమెల్లగా కుంచించుకుపోతుంది. మీ మూత్రం దారి వదులవుతుంది."

"మడవ కట్టేస్తారన్నమాట," అన్నాడు రామాంజనేయులు, మొదటిసారి ఆమె మొహం చూస్తూ. "నీళ్ళు పోకుండా కాలవకి మట్టి అడ్డమేస్తే చేను వాడిపోద్ది."

"అంతేనండి. అవసరమైన చేనుకి మాత్రం నీళ్ళు ఆపకుండా చూసుకోవడమే మా పని."

మత్తు లేదు. మణికట్టు దగ్గర చిన్న సూది పోటు, అంతే. బల్ల మీద పడుకుని తెర మీద తన రక్తనాళాలు ఎండాకాలం చెట్టుకొమ్మల్లా కనిపిస్తుంటే చూశాడు. మందు వదిలినప్పుడల్లా నడుం కింద వెచ్చగా పాకేది. అయిపోయాక, కాస్త కుదుటపడ్డాక, అతనే అడిగాడు.

"అమ్మా, మా ఊళ్ళో ఒకడున్నాడు. గుండె మంచిది కాదు, మత్తు పనికిరాదన్నారు. ఏడాదికి దగ్గరపడింది సంచి మోస్తున్నాడు. అట్లాంటోళ్ళకి ఇది చేస్తారా?"

"అలాంటివాళ్ళ గురించే ముందు ఆలోచిస్తామండి. చూడకుండా మాట ఇవ్వలేను. తీసుకురండి, చూద్దాం."

"తీసుకొస్తానమ్మా."

ఆ మాట అన్నప్పుడు నిజంగానే తీసుకురావాలని ఉంది. గొట్టం ఇంకా ఒంట్లో ఉంది కదా, అది ఉన్నంతసేపూ మనిషి మంచివాడే.

కూతురింట్లోనే దాక్కున్నాడు. కొన్నివారాలకి గొట్టం తీశారు. మొదట్లో మంటా ఆత్రం ఉన్నా, రానురాను ధార కుదిరింది. జాగారం చెయ్యాల్సిన శివరాత్రినాడు ఒక్కసారి కూడా లేవకుండా తెల్లారేదాకా గురకపెట్టి నిద్రపోయాడు. ఆ మర్నాడే ఊరికొచ్చాడు. మోకాళ్ళ వైద్యం కదా, కుంటాలి. కుంటాడు. పొద్దున కుడికాలు, సాయంత్రం ఎడమకాలు. ఏ కాలో తనకే గుర్తుండేది కాదు.

బుడే సంగతి? రేపు చెబుదాం అనుకున్నాడు. చెప్పాలంటే ముందు తనకీ సంచి తగిలించారని చెప్పాలి. టీ కొట్టులో ఆ మాట పొక్కితే తను అన్న మాటే తన నెత్తిన వచ్చి పడుతుంది. పడనీలే అని ఒక పూట అనుకునేవాడు, అమ్మో అని రెండో పూట అనుకునేవాడు. రెండో కోత అయింది, మిర్చియార్డుకి కాయల టిక్కీలు పోయాయి, ఎండలు ముదిరాయి. బుడే ఇంటి సందు రాకుండా చుట్టుదారిన తిరగడం అలవాటైపోయింది. తనకు సిగ్గుగా ఉందని అతనికి తెలుసు. ఆ సిగ్గు వల్లే ఇంకా సిగ్గుమాలిన పని చేస్తున్నాడనీ తెలుసు. తెలిసీ కదల్లేదు. ఇలాంటివాణ్ణి ఏమనాలో మీరే చెప్పండి.

ఒకరోజు వెంకటరావమ్మ కూరగాయల బుట్ట దభాలున కింద పెట్టింది.

"బుడే అన్నయ్యకి ఆ గొట్టంలోంచి చీము పట్టి వారం రోజులు జ్వరమంట. ఒంగోల్లో ఉంచి నిన్ననే తీసుకొచ్చారంట. ఆ పిల్ల నజ్మీన్ మనిషి సగమైంది. చెబుతావా, నన్ను చెప్పమంటావా? నువ్వేయించిన ఒట్టు నేను ఏట్లో కలుపుతా."

ఆ సాయంత్రం రామాంజనేయులు బుడే ఇంటికి వెళ్ళాడు. బుడే కూతురు నజ్మీన్, తల్లి లేని పిల్ల, మెషీను మీద గలీబులు కుడుతోంది. "నువ్వా బాబాయ్!" అంటూ లేచి కుర్చీ వేసింది. మంచంలో బుడే పక్కకి ఒరిగాడు. చారలగుడ్డ సంచిని దుప్పటి కిందకి తోసుకున్నాడు. అది చూసేసరికి రామాంజనేయులు నోట్లో తయారుగా ఉన్న నిజం కాస్తా వెనక్కి పోయింది.

"ఒరేయ్ బుడే, గుంటూర్లో కొత్త వైద్యం వచ్చిందిరా. కొయ్యరు, మత్తివ్వరు. చేతిలోంచి పూసలు పంపిస్తారు. చేయించుకున్నోడు ఒకడు నాకు తెలుసు. సంచి తీసి పారేశాడు."

"ఎవడురా?"

"పొదిలిలో. పొదిలిలో ఒకాయన."

దూరంగా ఉంటుంది, ఎవరూ పోయి అడగరు అని ఆ ఊరు నోటికొచ్చింది. బుడే మంచంలో లేచి కూర్చున్నాడు.

"డాక్టర్లు చెప్పేది నాకు సగం తలకెక్కదురా. ఒంట్లోకి పూసలంటే భయమేస్తంది. చేయించుకున్న మనిషిని కళ్ళారా చూసి, నాలుగు మాటలు అడిగితే ధైర్యం వచ్చిద్ది. నన్ను ఆయన దగ్గరికి తీసుకుపోతావా?"

"తీసుకుపోతాలే," అన్నాడు రామాంజనేయులు. అబద్ధమాడితే అతికినట్టుండాలంటారు. ఇది అతికింది, అతనికే అంటుకుంది.

నాలుగు రోజులు ఏదో ఒక వంక చెప్పాడు. ఐదో రోజు పొద్దున్నే నజ్మీన్ వచ్చి, "నాన్న తయారై కూర్చున్నాడు బాబాయ్" అంది. చూస్తే నిజంగానే తెల్లచొక్కా, నెత్తిన టోపీ, అత్తరు వాసన. ఆస్పత్రికి కాకుండా ఇంకోచోటికని నెలల తర్వాత గడప దాటుతున్నాడు. ఒక చేతిలో సంచి, ఇంకో చంకలో కొత్త దిండు.

"అదెందుకురా?"

"పెద్దమనిషి ఇంటికి ఉత్తచేతుల్తో పోతామా? బూరుగుదూది. నిన్నంతా కూర్చుని నేనే ఏకి కుట్టా."

రామాంజనేయులు తోలుతున్న కారు ఇంకొల్లు దాటింది, అద్దంకి దాటింది. సుబాబుల్ తోటలు, మూసేసిన పొగాకు బ్యారన్లు వెనక్కి పోతున్నాయి. బుడే ఒళ్ళో దిండు, కాళ్ళ దగ్గర సంచి పెట్టుకుని ప్రశ్న మీద ప్రశ్న వేస్తున్నాడు. ఆయన ఏం చేస్తాడు? పిల్లలెందరు? మనల్ని చూసి విసుక్కోడు కదా? నేను ఇట్లాంటిది అడిగితే ఏమనుకోడు కదా? రామాంజనేయులు అన్నిటికీ ఊ కొట్టాడు. దర్శి ఇంకా కాస్త ఉందనగా కారు వేగం తగ్గించాడు. పొదిలి వెళ్ళి ఎవరి తలుపు కొట్టాలి?

"మంచోడై ఉంటాడులేరా," అన్నాడు బుడే దిండు నిమురుతూ. "సిగ్గుపడకుండా నీతో చెప్పుకున్నాడంటే మంచోడే. నా మటుకు నాకు చచ్చేంత సిగ్గు."

కారు రోడ్డు దించి వేపచెట్టు కింద ఆపాడు.

"పొదిల్లో ఎవడూ లేడురా."

"అంటే?"

"నేనే. నాకే అయింది. క్రిస్మస్‌కి బిగిసిపోతే సంచి పెట్టారు. ఆ పూసలు నాకే వేశారు. మోకాళ్ళ సంగతి అబద్ధం."

ఈ మాటలన్నీ ముందున్న అద్దానికి చెప్పాడు. పక్కకి తిరిగే ధైర్యం లేదు. తిడతాడనుకున్నాడు. కొట్టినా బాగుండుననుకున్నాడు. రోడ్డు మీద లారీ ఒకటి పోయింది, దుమ్ము రేగి అణిగింది. బుడే ఒళ్ళోని దిండు తీసి రామాంజనేయులు ఒళ్ళో పెట్టాడు.

"అయితే ఇది నీదే," అన్నాడు.

దాని బరువెంత? దూది. ఆ దూదిని పక్కన పెట్టడం రామాంజనేయులుకి చేతకాలేదు.

"నొప్పి పుట్టిందా?" అని అడిగాడు బుడే.

"లేదురా. సూది పోటే. నడుం దగ్గర వెచ్చగా ఉంటది, అంతే. తర్వాత నాలుగు రోజులు కాస్త మంట. నీకు పనికొచ్చిద్దో లేదో ఆ డాక్టరమ్మ చూసి చెబుద్ది. రమ్మంది నిన్ను."

"ఊఁ. కారు తిప్పు. ఎండెక్కుతంది."

దారి పొడుగునా బుడే అడిగినవన్నీ ఇలాంటివే. ఏం తినొద్దన్నారు, ఎంతసేపు పడుకోబెట్టారు, మళ్ళీ ఎప్పుడు లేపారు. టీ కొట్టులో అన్న మాట ఎత్తలేదు. నీకెప్పుడు నయమైంది అని అడగలేదు. అది అడగనందుకు రామాంజనేయులు లోలోపల దణ్ణాలు పెట్టుకున్నాడు. అద్దంకి వచ్చేసరికి గుండె తేలికపడి, పూసలు ఎంత సన్నంగా ఉంటాయో వేళ్ళతో చూపించడం కూడా మొదలుపెట్టాడు. గండం గడిచిందనుకున్నాడు.

ఇంటిముందు కారాగగానే నజ్మీన్ పరుగెత్తుకొచ్చి తలుపు తీసింది.

"కనపడ్డాడా నాన్నా ఆ పొదిలాయన?"

"కనపడ్డాడమ్మా," అన్నాడు బుడే, సంచి చేత్తో పట్టుకుని దిగుతూ. "బాగున్నాడు. అన్నీ వివరంగా చెప్పాడు. రేపు గుంటూరు పోదాం."

అంతే. నలుగురిలో తన పరువు తీసినవాడి పరువుని, ఎవరూ అడక్కుండానే, కూతురి దగ్గర కూడా కాపాడేశాడు. రామాంజనేయులు కారు తిప్పుకుని ఇంటికి పోవచ్చు. ఇంజను ఇంకా తిరుగుతూనే ఉంది. ఒళ్ళో దిండు ఉంది. ఆస్పత్రిలో దుప్పటి మొహం మీదకి లాక్కున్న రోజు కూడా తనమీద తనకి ఇంత అసహ్యం పుట్టలేదు. ఇంజను ఆపి కిందకి దిగాడు.

"పొదిల్లో ఎవడూ లేడమ్మా, నేనే," అన్నాడు. అతని గొంతు ఎప్పుడూ పెద్దదే, ఎదురింటి అరుగు మీద వాళ్ళు కూడా తలలెత్తారు. "ఆ సంచి నాకూ పెట్టారు. ఆ వైద్యం చేయించుకుంది నేను. సిగ్గుపడి దాచా."

నజ్మీన్ మొదట నవ్వింది, నమ్మలేక. "నువ్వా బాబాయ్? అయితే మా నాన్నకీ తగ్గిద్దన్నమాట! నీకు ఎప్పుడు తగ్గింది?"

మొన్న అంటే సరిపోయేది. పదిరోజులైంది అన్నా ఆ పిల్ల నమ్మేది. ఆ మాట పెదాల దాకా వచ్చింది కూడా. బుడే గడపలో ఆగాడు, వెనక్కి మాత్రం తిరగలేదు.

"శివరాత్రికే తగ్గిందమ్మా."

నజ్మీన్ మొహంలో నవ్వు మెల్లగా పోయింది. తండ్రి చేతిలో ఉన్న చారలగుడ్డ సంచి వైపు చూసింది.

"అప్పటికి రంజాన్ నెల రాలేదు," అంది. "ఈ సంచితో మసీదుకి ఎట్లా పోనని నాన్న నెలంతా ఇంట్లోనే ఉన్నాడు. పండగనాడు అందరూ ఈద్గాకి పోతుంటే తలుపేసుకుని పడుకున్నాడు. తర్వాత ఆ జ్వరం."

రామాంజనేయులు ఆమె వైపు ఒక అడుగు వేశాడు.

ఆమె తండ్రి భుజం కింద చెయ్యి వేసి అతన్ని లోపలికి నడిపించింది, మంచం మీద కూర్చోబెట్టింది. మళ్ళీ గుమ్మంలోకి వచ్చింది. ఏడవలేదు, తిట్టలేదు. పుట్టినప్పటినుంచీ అతన్ని బాబాయ్ అని, నువ్వు అని పిలిచిన పిల్ల.

"రేపు కారు ఎన్నింటికి తీసుకొస్తారండీ?" అని అడిగింది.

"ఆరింటికల్లా వస్తానమ్మా," అన్నాడు రామాంజనేయులు.